లెక్క తీసేవాళ్లను ఎవరు చూస్తారు?

ప్రశ్న (గ్రూప్-1కు చదువుతున్న ఒకరు అడిగింది): జాతీయ గణాంక కమిషన్ పని ఏంటి? లెక్కలు తీసేదీ ప్రభుత్వమే, సరిచూసేదీ ప్రభుత్వమే అయితే జనం ఎందుకు నమ్మాలి? ఆ పర్యవేక్షణ మీ చేతికి ఇస్తే ఎక్కడ మొదలుపెడతారు?

జవాబు:

కమిషన్ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఒక వరి మడి దగ్గరికి రండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పంట కోత ప్రయోగాలు వేశారు. ఏ గ్రామం, ఏ సర్వే నంబరు, ఆ పొలంలో ఏ మూల నుంచి ఎన్ని అడుగులు లోపలికి నడవాలి అన్నది ర్యాండమ్ నంబర్ల పట్టిక చూసి తేల్చుకుంటాం. మన ఇష్టం ఏమీ ఉండదు. అక్కడ ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పుతో తాడు కట్టి, లోపలి వరి కోసి, నూర్చి, తూకం వేయాలి. అలాంటి తూకాలన్నీ కలిసే జిల్లా దిగుబడి అవుతుంది. ఆ రైతు గట్టు మీదే నిలబడి "ఆ మూల దోమపోటు తగిలింది సార్, అక్కడ కోయండి" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. దిగుబడి తక్కువ తేలితేనే కదా బీమా వచ్చేది. ముందు రోజు ఆఫీసులో విన్న మాట దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. "పోయినేటికంటే తగ్గితే బాగోదు, కాస్త చూసుకో" అన్నారు.

ఆ రోజు నా నిజాయితీయే నన్ను నిలబెట్టిందని గొప్పలు చెప్పుకోను. అప్పటికి ఇంకా కుర్రాడిని, ఉద్యోగం పర్మనెంట్ కాలేదు, కడుపులో భయం. మడి ఎంపిక కాగితం మీద అప్పటికే సంతకాలు అయిపోయాయి. పైగా కేంద్ర సర్వే సంస్థ సూపర్‌వైజర్ స్వయంగా వచ్చి చూసే ప్రయోగాల్లో అదొకటి. మా జిల్లా పరువుతో గానీ, ఆ రైతు బీమాతో గానీ ఏ సంబంధమూ లేని మనిషి, తలకు తుండు చుట్టుకుని నా పక్కన నిలబడి ఉన్నాడు. తూకం ఎంత వచ్చిందో అంతే రాశాను.

అధికారిక గణాంకాల పర్యవేక్షణ గురించి నాకు తెలిసిందంతా ఆ మడిలోనే ఉంది. అంకె పుట్టకముందే దాని దారి కాగితం మీద ఖరారైపోవాలి. పుట్టేటప్పుడు బయటి మనిషి పక్కన ఉండాలి. పుట్టాక దాన్ని ఆపే వీలు ఎవరి చేతిలోనూ ఉండకూడదు. తూకం తేలాక నలుగురూ కూర్చుని "ఇది నమ్మదగ్గ అంకేనా" అని మాట్లాడుకోవడాన్ని పర్యవేక్షణ అంటారేమో గానీ, నేను అనను.

ఇక కమిషన్. మన దేశంలో గణాంకాలన్నీ ఒకే చోట తయారు కావు. జనగణన, జనన మరణాల లెక్క హోం శాఖ కింద ఉండే రిజిస్ట్రార్ జనరల్‌వి. టోకు ధరల సూచీ వాణిజ్య పరిశ్రమల శాఖ నుంచి, పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ లేబర్ బ్యూరో నుంచి, విదేశీ చెల్లింపుల లెక్క రిజర్వ్ బ్యాంకు నుంచి వస్తాయి. పంటల లెక్క రాష్ట్రాల అర్థ గణాంక, వ్యవసాయ, రెవెన్యూ శాఖల మీద ఆధారపడి ఉంది. జీడీపీ, వినియోగదారుల ధరల సూచీ, పెద్ద శాంపిల్ సర్వేలు మాత్రం కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖవి. ఇన్ని పొయ్యిల మీద వండుతుంటే ఉప్పు చూసేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఆ అవసరం గుర్తించి 2000 జనవరిలో సి. రంగరాజన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. ఆయన అప్పుడు మన ఉమ్మడి రాష్ట్రానికి గవర్నర్. 2001 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో, చట్టబద్ధమైన శాశ్వత కమిషన్ ఒకటి ఉండాలని, అది ప్రభుత్వ గణాంకాలను ఆడిట్ చేయాలని సిఫార్సు చేశారు. ప్రభుత్వం 2005 జూన్ 1న తీర్మానం చేసింది. 2006 జూలై 12న జాతీయ గణాంక కమిషన్ పని మొదలైంది. తొలి చైర్మన్ ఆర్థికవేత్త సురేశ్ టెండూల్కర్. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవారిలో మన ఆర్. రాధాకృష్ణ గారు ఒకరు. హైదరాబాద్‌లోని సెస్‌ను (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) నడిపిన ఆర్థికవేత్తగా మీకు ఆయన పేరు తెలిసే ఉంటుంది.

పరీక్షకు ఇంతవరకు చాలు. అసలు కిటుకు మాత్రం "తీర్మానం" అన్న మాటలో ఉంది. రంగరాజన్ అడిగింది చట్టం, వచ్చింది ప్రభుత్వ తీర్మానం. చైర్మన్, నలుగురు సభ్యులు అందరూ పార్ట్‌టైమే. నీతి ఆయోగ్ సీఈఓ హోదా రీత్యా సభ్యుడు. గణాంక మంత్రిత్వ శాఖ కార్యదర్శే భారత ముఖ్య గణాంకవేత్త, ఆయనే కమిషన్‌కు కూడా కార్యదర్శి. అంటే ఎవరి పనిని చూడాలో, ఆ ఆఫీసు పెద్దే చూసేవాళ్ల ఫైళ్లు కూడా నడుపుతాడు. ఆ కుర్చీలో మంచివాళ్లు చాలామంది కూర్చున్నారు, అది వేరే విషయం. చట్టం చేయడానికి ఎన్.ఆర్. మాధవ మీనన్ కమిటీ 2011లో నివేదిక ఇచ్చింది, 2019 డిసెంబర్‌లో ముసాయిదా బిల్లు కూడా బయటికి వచ్చింది. చట్టం మాత్రం కాలేదు.

దీని ఫలితం 2019లో అందరూ చూశారు. 2017 జూలై నుంచి 2018 జూన్ వరకు దేశమంతా ఉద్యోగాల సర్వే జరిగింది. 2018 డిసెంబర్‌లో కమిషన్ ఆ నివేదికను ఆమోదించింది. ఆమోదం అయ్యాక కొద్ది రోజుల్లో విడుదల చేయడం ఆనవాయితీ. అది జరగలేదు. 2019 జనవరి చివర్లో తాత్కాలిక చైర్మన్ పి.సి. మోహనన్, సభ్యురాలు జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. రెండు మూడు రోజుల్లోనే నిరుద్యోగం 6.1 శాతం అన్న అంకె ఒక పత్రికలో వచ్చేసింది. అది ఇంకా ఖరారు కాలేదని ప్రభుత్వం వైపు నుంచి అన్నారు. ఎన్నికలు అయిపోయాయి, మే 30న కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసింది, మే 31న నివేదిక వచ్చింది. అందులోనూ 6.1 శాతమే.

అంకె మారలేదని గమనించారా? ఎవరూ దాన్ని దిద్దలేదు. అయినా జనానికి అనుమానం మిగిలిపోయింది, ఎందుకంటే తేదీ ఒకరి చేతిలో ఉందని తెలిసిపోయింది. నా లెక్కలో తప్పు అంకె కంటే ఆలస్యమైన అంకె చేసే చెడుపే ఎక్కువ. తప్పును రేపు దిద్దుకోవచ్చు, తేదీతో ఆడుకున్నారన్న అనుమానాన్ని దిద్దలేం.

అదే ఏడాది నవంబర్‌లో ఇంకోటి జరిగింది. 2017-18 గృహ వినియోగ వ్యయ సర్వేను డేటా నాణ్యత బాగోలేదంటూ మంత్రిత్వ శాఖ పక్కన పెట్టేసింది. దీన్ని ఢిల్లీ గొడవ అనుకోకండి, మీ ఇంటి లోను దాకా వస్తుంది. జనం దేనికెంత ఖర్చు పెడతారో ఆ సర్వేలోనే తెలుస్తుంది. దాన్నిబట్టే వినియోగదారుల ధరల సూచీలో బియ్యానికెంత, మందులకెంత, ఆటో చార్జీకెంత అని వెయిట్లు వేస్తారు. కొత్త సర్వే లేకపోవడంతో 2011-12 నాటి ఖర్చులతో వేసిన వెయిట్లే ఏళ్లపాటు నడిచాయి. అందులో ఆహారం, పానీయాలకు 45.86 శాతం వాటా. జనం మొబైల్ డేటాకు, ప్రైవేటు స్కూలు ఫీజులకు మళ్లిపోయిన కాలంలో కూడా సూచీ పాత సంచీతోనే సంతకు వెళ్లింది. టమాటా ధర పెరిగితే చాలు, ద్రవ్యోల్బణం అంకె గంతు వేసేది. ఆ అంకె చూసే రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) వేస్తుంది, రెపో చూసి బ్యాంకు మీ ఇఎంఐ వేస్తుంది. కొత్త సర్వే 2022-23లో జరిగి, 2024 ఫిబ్రవరిలో ఫలితాలు వచ్చాయి. పల్లెలో తలసరి నెల ఖర్చు 3,773 రూపాయలు, పట్నంలో 6,459.

ఇదంతా చదివి ఒక పార్టీ మీదికి తోసేయకండి, నేను పనిచేసిన కాలంలో అన్ని రంగుల ప్రభుత్వాలనూ చూశాను. 2009-10 వినియోగ వ్యయ సర్వే ఫలితాలు కూడా అప్పటి ఢిల్లీ పెద్దలకు మింగుడు పడలేదు. అది కరువు ఏడాది, ఆ ఏడాది ఖర్చులను ప్రమాణంగా తీసుకోవడం సరికాదని 2011-12లో మళ్లీ సర్వే చేయించారు. తేడా ఏంటంటే, మొదటిదాన్ని దాచలేదు. అచ్చు వేశారు, అది సరిగా లేదని వాదించారు, మళ్లీ తీశారు. రెండూ ఇవాళ్టికీ పరిశోధకుల చేతిలో ఉన్నాయి. నచ్చని అంకెతో ఏం చేయాలో నేర్పాలంటే నేను ఈ ఉదాహరణే చెబుతాను.

అయితే విడుదల దగ్గర జరిగే గొడవే పత్రికల్లోకి వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం షెడ్యూల్ అచ్చు వేసే రోజునే జరిగిపోవచ్చు. (మా వాడుకలో ప్రశ్నాపత్రాన్ని షెడ్యూల్ అంటారు.) 1999-2000లో జరిగిన నేషనల్ శాంపిల్ సర్వే 55వ రౌండ్‌లో (ఒక్కో విడతను రౌండ్ అంటారు) ఆహారం ఖర్చును ఒకే షెడ్యూల్‌లో పక్కపక్క గడుల్లో గత 7 రోజులకు, గత 30 రోజులకు రెండు రకాలుగా అడిగారు. అడిగేవాడికి, చెప్పేవాడికి కూడా ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని సరిపెట్టడం సహజం. ఫలితంగా 30 రోజుల అంకె పాత రౌండ్లతో పోల్చడానికి పనికిరాకుండా పోయింది. 1993-94లో 36 శాతం ఉన్న పేదరికం 26.1 శాతానికి దిగిందని లెక్క వచ్చింది. అందులో ఎంత నిజంగా తగ్గింది, ఎంత గడుల పుణ్యం అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. తర్వాత నోబెల్ అందుకున్న ఆంగస్ డీటన్ కూడా ఆ చర్చలో ఉన్నారు. అక్కడ మోసం లేదు, ఒత్తిడి లేదు. రెండు గడులు పక్కపక్కన పెట్టారు, అంతే. షెడ్యూల్ ఖరారయ్యే రోజు గట్టిగా అడ్డుపడే మనిషి లేకపోతే, తర్వాత ఎంత పెద్ద కమిషన్ ఉన్నా చేయగలిగిందేమీ లేదు.

కింది స్థాయి సంగతి కూడా చెప్పాలి. ఒకసారి నా దగ్గరికి స్క్రూటినీకి (తనిఖీకి) వచ్చిన షెడ్యూళ్ల కట్టలో, ఒక ఊళ్లో ఎంపికైన ఇళ్లన్నిటిలోనూ పెసరపప్పు నెలకు సరిగ్గా అర కిలో. నూనె అందరికీ రెండు కిలోలు. ఇద్దరున్న ఇంట్లోనూ అంతే, ఏడుగురున్న ఇంట్లోనూ అంతే. ఎక్కడ చూసినా చివర సున్నా లేదా ఐదు. ఊరికి వెళ్లకుండా ఇంట్లో కూర్చుని నింపేశాడని ఇట్టే తెలిసిపోయింది. పిలిచి కేకలు వేద్దామనుకున్నాను. తీరా కూర్చోబెట్టి అడిగితే, కాంట్రాక్టు కుర్రాడు, నెలల తరబడి ప్రయాణ భత్యం రాలేదు, బస్సుకు డబ్బుల్లేక ఆ పని చేశాడు. అతని తప్పు తప్పే, ఆ షెడ్యూళ్లు రద్దు చేయించాను. కానీ ఏ కమిషన్ మీటింగ్ మినిట్స్‌లోనైనా "ఇన్వెస్టిగేటర్ల టీఏ బకాయిలు" అన్న అంశం మొదట ఉందేమో చూడండి. నేను పర్యవేక్షకుడినైతే ముందు అదే పెడతాను.

ఇలాంటివి పట్టుకోవడానికి పాతవాళ్లు ఒక అందమైన ఏర్పాటు చేశారు. 1950లో నేషనల్ శాంపిల్ సర్వేను మొదలుపెట్టించిన మహలనోబిస్ పద్ధతి అది. ఒకే ప్రాంతానికి ఒక శాంపిల్ బదులు రెండు ఉప శాంపిళ్లు తీసి, వేర్వేరు బృందాలకు ఇస్తారు. ఎవరికి వారు తెచ్చిన అంకెలు పక్కపక్కన పెడతారు. దగ్గరగా ఉంటే సరే, బాగా దూరంగా ఉంటే ఎక్కడో ఏదో జరిగినట్టు. దీనికి అధికారి అక్కర్లేదు, ఆడిటర్ అక్కర్లేదు, సర్వే తనను తానే తనిఖీ చేసుకుంటుంది. ఇప్పుడు ట్యాబ్‌లు వచ్చాయి, ఇంటర్వ్యూ ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎక్కడ కూర్చుని నింపారో కూడా తెలుస్తుంది. మంచిదే. ట్యాబ్‌లో కూడా పెసరపప్పు అర కిలో కొట్టవచ్చు, అది మర్చిపోకండి.

పట్నంలో చిక్కు ఇంకో రకం. పల్లెలో మంచినీళ్లిచ్చి, నులక మంచం వాల్చి, గంటసేపు మాట్లాడతారు. గచ్చిబౌలి టవర్ల దగ్గర వాచ్‌మన్ దాటి లోపలికి పోవడమే గగనం. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం సమాచారం ఇవ్వకపోతే వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. ఎవరికైనా వేయగా నేను చూడలేదు, వేయాలని కూడా అనను. అయితే ఉన్నవాళ్లు తలుపు తీయకపోతే సర్వేలో వాళ్ల ఖర్చు తక్కువగా పడుతుంది. అందుకే 2022-23 సర్వేలో పట్టణాల్లో కారు ఉన్న ఇళ్లను, కారు విలువను బట్టి విడిగా వర్గం చేసి, అందులోంచి ఇళ్లు ఎంచారు. తెలివైన పనే.

మన రెండు రాష్ట్రాలకు సంబంధించిన తలనొప్పి ఒకటుంది. శాంపిల్ తీయడానికి ఊళ్ల జాబితా కావాలి, అది జనగణన నుంచి వస్తుంది. చివరి జనగణన 2011ది. ఆ తర్వాత 2014లో రాష్ట్రం రెండైంది. తెలంగాణ జిల్లాలు పది కాస్తా 2016 అక్టోబర్‌లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. ఎన్నో ఊళ్లు మున్సిపాలిటీల్లో కలిసిపోయాయి. జిల్లా పదేళ్ల వరుస అడిగిన కలెక్టర్‌కు "ఏ జిల్లా సార్, పాతదా కొత్తదా" అని మా కుర్రాళ్లు ఎదురు అడగాల్సి వస్తుంది. 2021లో జరగాల్సిన జనగణనకు ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు. అది వచ్చేదాకా ఎవరు ఎంత బాగా సర్వే చేసినా, పాత పటం పట్టుకుని కొత్త ఊరికి వెళ్లినట్టే. ఆహార భద్రత చట్టం కింద 81.35 కోట్ల మంది అన్న పరిమితి కూడా 2011 జనాభా మీద కట్టిందే.

ఇక మీ రెండో ప్రశ్న. ప్రభుత్వమే తీస్తుంది కాబట్టి నమ్మకూడదు అనడం సరికాదు, దేశమంతా తిరిగి ఇన్ని ఇళ్ల తలుపులు తట్టే స్తోమత ఇంకెవరికుంది? తీసేది ప్రభుత్వమే అయినా, చూసేవాళ్లు మంత్రికి కాక చట్టసభకు జవాబుదారీగా ఉండవచ్చు. బ్రిటన్‌లో 2007 చట్టం చేసి, 2008 నుంచి అలాంటి అథారిటీ నడుపుతున్నారు. 2017లో బోరిస్ జాన్సన్ విదేశాంగ మంత్రిగా ఉండి, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొస్తే వారానికి 35 కోట్ల పౌండ్లు బ్రిటన్ చేతికొస్తాయని మళ్లీ రాస్తే, అథారిటీ చైర్మన్ డేవిడ్ నార్‌గ్రోవ్ అది గణాంకాలను దుర్వినియోగం చేయడమేనని ఆయనకు ఉత్తరం రాసి బయట పెట్టారు. మన దగ్గర ఒక పార్ట్‌టైమ్ చైర్మన్ కేంద్ర మంత్రికి అలా రాయడం ఊహించుకోండి.

అలాగని చట్టం ఉంటే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోవద్దు. గ్రీసులో ఆండ్రియాస్ జార్జియూ 2010లో గణాంక సంస్థ పగ్గాలు పట్టి, 2009 ప్రభుత్వ బడ్జెట్ లోటు జీడీపీలో 15.4 శాతం అని తేల్చారు. యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ ఆ లెక్కను ఒప్పుకుంది. సొంత దేశంలో మాత్రం ఆయన మీద కేసులు పెట్టి ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిప్పారు. నిజం చెప్పినవాడికి వకీలు ఖర్చు ఎవరిస్తారన్నది కూడా పర్యవేక్షణ చట్టంలో రాసుకోవాల్సిన విషయమే.

నా చేతికిస్తే ఏం చేస్తానో ముక్కలు ముక్కలుగా ఇప్పటికే చెప్పేశాను. షెడ్యూల్ ఖరారయ్యే గదిలో కమిషన్ మనిషి ఉండాలి, అభ్యంతరం చెబితే అది రాతపూర్వకంగా నిలవాలి. కమిషన్‌కు సొంత ఆడిట్ సిబ్బంది ఉండాలి, వాళ్ల జీతం మంత్రిత్వ శాఖ చేతిలో ఉండకూడదు. ఇన్వెస్టిగేటర్ల భత్యం నెలనెలా అందాలి. వీటన్నిటికంటే ముందు, ఖర్చు లేని పని ఒకటి చేస్తాను. వినియోగదారుల ధరల సూచీ ప్రతి నెలా 12న వస్తుందని మార్కెట్లో అందరికీ తెలుసు, ఆ తేదీని జరపాలని ఎవరికీ ఆలోచన కూడా రాదు. ప్రతి సర్వేకూ అలాంటి తేదీ ఉండాలి, ఫీల్డ్‌వర్క్ మొదలయ్యే రోజునే దాన్ని ప్రకటించాలి. ఆ తేదీ దాటితే యూనిట్ స్థాయి డేటా (పేర్లు లేకుండా ఒక్కో ఇంటి లెక్క) ఉన్నది ఉన్నట్టు వెబ్‌సైట్‌లో పడిపోవాలి, లోపాలుంటే ఆ లోపాల నోటు పక్కనే పెట్టాలి. విడుదలకు ముందు ఆ అంకెను ఎవరెవరు చూశారో, ఏ రోజు ఎన్ని గంటలకు చూశారో, ఆ పేర్లు కూడా నివేదిక చివరి పేజీలో అచ్చు వేయిస్తాను.